సీ14 గడి: ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ డైరీ

2025 ఏప్రిల్ 16, బుధవారం

చేరాను. మాదాపూర్‌లో మూడో అంతస్తు, పదకొండు మంది పనిచేసే కన్సల్టింగ్ ఆఫీసు. కింద టిఫిన్ సెంటర్, పైన మేము. కన్సల్టింగ్ అనగానే క్లాసులో అందరూ ఊహించుకునే గాజు మేడ కాదిది. రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు (ఎఫ్‌పీఓలు), చిన్న ఫుడ్ ప్రాసెసింగ్ యూనిట్లకు డీపీఆర్‌లు, అంటే ప్రాజెక్టు సమగ్ర నివేదికలు రాసిపెట్టి, బ్యాంకు లోను మంజూరయ్యే దాకా వెంట ఉండడం వీళ్ళ పని.

అగ్రిబిజినెస్ ఎంబీఏ మొదటి ఏడాది అయ్యాక ఎనిమిది వారాలు ఎక్కడో ఒకచోట పనిచేసి కాలేజీకి డైరీ ఇవ్వాలి. రోజూ రాయడం నా వల్ల కాదు. పని కదిలిన రోజు రాస్తాను.

నాకిచ్చిన ప్రాజెక్టు: పల్నాడు జిల్లాలో ఒక ఎఫ్‌పీఓ. 2020 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన 10,000 ఎఫ్‌పీఓల పథకం కింద ఏర్పడింది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి, వీళ్ళకు 612 మంది ఉన్నారు. మిర్చి పండించేవాళ్ళే ఎక్కువట. వాళ్ళకు 3,000 టన్నుల కోల్డ్ స్టోరేజీ కావాలి. దానికి డీపీఆర్ రాయాలి. కట్టాలా వద్దా అన్న ప్రశ్న ఎక్కడా లేదు, కడితే లెక్క ఎలా ఉంటుందన్నదే అడిగారు.

ఏప్రిల్ 21, సోమవారం

ఆఫీసులో నా పని చూసే మేడమ్ నాకు ఎక్సెల్ షీటు పంపారు. పాత ప్రాజెక్టు షీటు. పేర్లు మార్చి, అంకెలు మార్చి వాడుకోమన్నారు. మొదటి ట్యాబులో ఊహలన్నీ ఒకచోట ఉన్నాయి. కిరాయి, కరెంటు, జీతాలు, వడ్డీ. సీ14 గడిలో 'మొదటి ఏడాది సామర్థ్య వినియోగం: 90 శాతం'.

ఆ ఒక్క గడి మీద మిగతా ఇరవై ట్యాబులు నిలబడ్డాయి. 90 ఉంటే డీఎస్‌సీఆర్ 1.9 వస్తోంది. ఏటా చేతికొచ్చే సొమ్ము, ఏటా కట్టాల్సిన అసలు వడ్డీలకు ఎన్ని రెట్లుందో చెప్పే అంకె అది. ఒకటి కంటే తగ్గితే బ్యాంకు ఫైలు మూసేస్తుంది, 1.5 దాటితే కుర్చీ వేస్తుంది. సరదాకి సీ14లో 40 వేసి చూశాను. షీటంతా ఎర్రబడింది. వెంటనే కంట్రోల్ జెడ్ కొట్టాను, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి మరీ.

సాయంత్రం మేడమ్‌ని అడిగాను, 90 ఎక్కడిదని. ఆవిడ ఒక్క క్షణం షీటు వంక చూసి, "ముందరి ప్రాజెక్టులోది అయ్యుంటుంది. అది ఉత్తరాదిలో బంగాళాదుంప కోల్డ్ స్టోరేజీ. నువ్వు పోయి అసలుది కనుక్కురా. బ్యాకప్ లేకుండా ఒక్క అంకె కూడా డెక్‌లోకి రాకూడదు" అన్నారు. డెక్ అంటే క్లయింటుకు చూపించే స్లైడ్లు, బ్యాకప్ అంటే ఈ ఆఫీసు భాషలో ఆధారం. రోజుకు ఇరవైసార్లు వినబడుతుంది ఆ మాట.

ఏప్రిల్ 28, సోమవారం

నిన్న పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి సత్తెనపల్లిలో దిగాను. ఎఫ్‌పీఓ సీఈవో బండి మీద వచ్చి తీసుకెళ్ళాడు. సీఈవో అంటే పెద్ద హోదా అనుకునేరు. నాకంటే రెండేళ్ళు పెద్ద, డిగ్రీ చదివిన కుర్రాడు. ఎరువుల స్టాకు, ఓచర్లు, సభ్యుల వాటా సొమ్ము అన్నీ ఒక్కడే చూసుకుంటాడు.

పొద్దున్నే కళ్ళాలకు పోయాం. చివరి కోత కాయ ఆరుతోంది. దూరం నుంచి చూస్తే పొలం మధ్యలో ఎర్ర దుప్పట్లు పరిచినట్టుంది. కోసి తెచ్చిన పండు కాయను పది, పదిహేను రోజులు నేల మీదే ఆరబెడతారు. సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పుతారు, పొద్దున విప్పి మళ్ళీ పరుస్తారు. ఇంత ఖరీదైన పంటకు మట్టి నేలే ఆధారం.

మాది ఆర్మూరు దగ్గర పల్లె. మా ఇంట్లో పసుపు. ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టడం చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి కళ్ళం నాకు కొత్త కాదనుకున్నాను. మొదటి ఇంటర్వ్యూలోనే పరువు పోయింది. పోయినేడు కాయ ఏం చేశారని ఒక పెద్దాయన్ని అడిగితే, "నలభై టిక్కీలు ఏసీలో పెట్టినం" అన్నాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా. పాపం ఇంట్లో ఏసీ గదిలో పెట్టుకున్నాడేమో, కోల్డ్ స్టోరేజీ దొరక్క అనుకుని అదే రాసుకున్నాను. 'నిల్వ సదుపాయాల కొరత, ఇళ్ళలోనే నిల్వ' అని పక్కన నోటు కూడా పెట్టాను. రెండో ఆయనా ఏసీ అన్నాడు, మూడో ఆయనా. నాలుగో ఆయన దగ్గర సీఈవో నవ్వాపుకోలేక చెప్పాడు, ఇక్కడ కోల్డ్ స్టోరేజీనే ఏసీ అంటారని.

ఒక కళ్ళంలో ఐదుగురు ఆడవాళ్ళు కూర్చుని తాలు ఏరుతున్నారు. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. మంచి కాయ కంటే చాలా తక్కువ పలుకుతుంది. అందులో పెద్దావిడ ఒక కాయ తీసి నా చెవి దగ్గర పెట్టి ఊపింది. లోపల గింజలు గలగలమన్నాయి. ఇంకోటి ఊపింది. చప్పుడు లేదు.

"ఇది ఇంకా పచ్చిదమ్మాయ్. ఇట్టాంటియి నాలుగు టిక్కీలో పడితే చాలు, లోపల బూజు పట్టుద్ది."

"మరి కొలిచేదేమన్నా ఉందా పెద్దమ్మా, తేమ ఎంతుందో?"

"ఉంది గదా" అని చెవి చూపించింది.

ఏప్రిల్ 29, మంగళవారం

గుంటూరు మిర్చి యార్డు. లోపలికి అడుగుపెట్టిన రెండో నిమిషం నుంచి తుమ్ములు, కళ్ళల్లో నీళ్ళు. హమాలీలు మాత్రం తలకు తువ్వాలు చుట్టుకుని నింపాదిగా తిరుగుతున్నారు. ఎటు చూసినా టిక్కీల గోడలు. టిక్కీ అంటే మిర్చి బస్తా. మా షీటులో బస్తాకు 50 కిలోలని ఉంది. కాటా దగ్గర గంటసేపు నిలబడి చూశాను. 38, 41, 43, మళ్ళీ 39. యాభై ఒక్కటీ లేదు. 40 అని రాసుకున్నాను. కిరాయి టిక్కీ లెక్కన తీసుకుంటారు కాబట్టి, 3,000 టన్నులకు 60,000 టిక్కీలు కాస్తా 75,000 అయ్యాయి. ఈ ప్రాజెక్టులో మాకు కలిసొచ్చిన సవరణ ఇదొక్కటే.

కొట్టు ముందు రేట్లు రాసిన పలక ఉంది. తేజ, 334, 341, బాడిగ, నంబర్ 5, కింద ఆర్మూర్. మా ఊరి పేరు! గుమస్తాని ఆపి అడిగాను, ఆర్మూరు నుంచి కూడా కాయ వస్తుందా అని.

"ఆర్మూరంటే రకం పేరమ్మా. ఊరు కూడా ఉందా?"

ఆ మాట ఇంటికి ఫోన్ చేసి చెబితే నాన్న చాలాసేపు నవ్వారు.

రేటు సంగతి మాత్రం నవ్వే విషయం కాదు. రెండేళ్ళ కిందట క్వింటాలు 20 వేలు దాటిన పంట ఇది. ఈసారి పడిపోయిందని ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. నా ఎదురుగా తేలిన లాటు అంతకంటే కిందే పోయింది. రైతు టీ గ్లాసు పట్టుకుని కాటా వైపే చూస్తున్నాడు. ఆయన్ని ప్రశ్నలు అడగబుద్ధి కాలేదు. ప్రశ్నావళి సంచిలోనే ఉండిపోయింది.

ఏప్రిల్ 30, బుధవారం

ఏసీకి వెళ్ళాం. బయట ఎండ మండిపోతోంది. లోపల చాంబర్‌లో ఆరు డిగ్రీలు. వాచ్‌మన్ ఇచ్చిన స్వెట్టర్ వేసుకుని ఐదు నిమిషాలున్నాను. కింద నుంచి పై కప్పు దాకా చెక్క అరల మీద టిక్కీలు, ఒక్కోదాని మీద లాటు నంబరు, పేరు. చల్లగా, చీకటిగా ఉంచితే కాయ రంగు పోదు, పురుగు పట్టదు. అందుకే ఫిబ్రవరిలో వచ్చిన కాయ దసరాకు తీసినా ఎర్రగానే ఉంటుంది. బయట వరండాలో ఆడవాళ్ళు ముచ్చికలు తీస్తున్నారు. ముచ్చిక తీసిన కాయకు ఎగుమతిలో వేరే ధర.

నిండిపోయింది, చోటు లేదు అన్నారు మేనేజర్ గారు. పాత సరుకే ఇంకా కదల్లేదట. నాకు సంతోషం వేసింది. చోటు లేదంటే గిరాకీ ఉన్నట్టేగా? సీ14 బతికినట్టేగా? అదే మాట కాస్త మర్యాదగా అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చెప్పిన జవాబు యథాతథంగా రాసుకున్నాను: "కాయ పెట్టుకోడానికి ఎవరూ రారమ్మా ఏసీకి. కాయ మీద డబ్బు కోసం వస్తారు."

టిక్కీ లోపలికి రాగానే బాండు, అంటే సరుకు రసీదు, రాసిస్తారు. దాన్ని చూపిస్తే అప్పు పుడుతుంది. బ్యాంకు నుంచో, ఏసీ వాళ్ళ పూచీతోనో, రైతుల సరుకు అమ్మిపెట్టే కమీషన్ కొట్టు నుంచో. రేటు పెరిగితే రైతు అమ్మి కట్టేస్తాడు, పెరక్కపోతే వడ్డీ, కిరాయి రెండూ కాయను తింటూ ఉంటాయి. అంటే మేం గోడౌను అనుకుంటున్నది ఊళ్ళో వాళ్ళ లెక్కలో సగం బ్యాంకు. మా షీటులో ఇరవై ట్యాబులున్నా అప్పిచ్చే ట్యాబు ఒక్కటీ లేదు.

మే 6, మంగళవారం

హైదరాబాద్. 46 మంది రైతుల సర్వే కంప్యూటర్లోకి ఎక్కించాను. 'మీ ఎఫ్‌పీఓ కోల్డ్ స్టోరేజీ కడితే మీ సరుకు అందులో పెడతారా?' అన్న ప్రశ్నకు 46 మందీ అవునన్నారు. నూటికి నూరు! ముద్దుగా ఒక పై చార్టు చేశాను, వృత్తమంతా ఒకే ఆకుపచ్చ రంగు.

మేడమ్ ఆ చార్టు చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ ఊళ్ళో గుడి కడితే వస్తారా అని అడిగితే ఎంతమంది రానంటారు?" అన్నారు.

కోపంతో అన్న మాట కాదు కానీ నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. మూడు రోజులు ఎండలో తిరిగి చేసిన సర్వే అది. నిజమే, మొహం మీద అడిగితే ఎవరు కాదంటారు? పైగా పక్కనే సీఈవో ఉన్నాడు, ఛైర్మన్ గారింట్లో భోంచేసి వచ్చినదాన్ని నేను.

కొత్త ప్రశ్నావళి రాశాను. 'చేస్తారా' అనేది ఎక్కడా లేదు, అన్నీ 'చేశారు'లే. పోయినేడు ఎన్ని ఎకరాలు వేశారు, ఎన్ని క్వింటాళ్ళు వచ్చింది, అందులో కళ్ళంలోంచే ఎన్ని టిక్కీలు అమ్మారు, ఏసీలో ఎన్ని పెట్టారు, ఏ ఏసీ, దాన్ని ఎవరు చూపించారు, బాండు ఎవరి దగ్గరుంది. చివరి ప్రశ్న మేడమ్ కలిపారు.

టీఏ బిల్లు తిరగ్గొట్టారు. షేర్ ఆటో వాడు రసీదు ఇవ్వడని అకౌంట్స్ వాళ్ళకు ఎలా చెప్పాలో తెలియలేదు.

మే 12, సోమవారం

మళ్ళీ గుంటూరు. వారం రోజులు యార్డులో కూర్చుని రోజువారీ రేట్లు, గ్రేడుల మధ్య తేడా రాసుకోవాలని ప్లాను. పోయి చూస్తే గేటు మూసుంది. వేసవి సెలవులు! ఎండలకు ఏటా నెల రోజులు యార్డు మూస్తారట. గుంటూరులో చంటిపిల్లలక్కూడా తెలిసిన సంగతి, మా ప్రాజెక్టు ప్లానులో రంగు రంగుల గడులతో వారం రోజులు కేటాయించి ఉంది. మేడమ్‌కి మెసేజ్ పెట్టాను. ఒక నవ్వు బొమ్మ, వెనకే 'ఊళ్ళకు పో' అని వచ్చింది.

మే 14, బుధవారం

ఈ రోజు కోసమే ఇదంతా అనిపించింది, అందుకని వివరంగా రాస్తున్నాను.

సీఈవోని రావద్దన్నాను. ఒక్కదాన్నే వెళ్ళాను. ఏప్రిల్లో నలభై టిక్కీలన్న పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కొత్త ప్రశ్నలు ఒక్కోటీ అడుగుతుంటే బాగానే చెబుతున్నాడు. 'బాండు ఎవరి దగ్గరుంది' అనేసరికి ఆగి, ఇంట్లోకి కేకేశాడు. కోడలు ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో పాసు పుస్తకం, ఆధార్, పురుగుమందుల బిల్లులు, ఒక తక్‌పట్టీ. బాండు లేదు.

తక్‌పట్టీ అంటే సరుకు అమ్మినప్పుడు కమీషన్ కొట్టు ఇచ్చే చిట్టా. ముందు వైపు అచ్చు గడుల్లో టిక్కీలు, తూకం, రేటు. కింద కోతలు: కమీషన్, హమాలీ, కాటా. అన్నీ పోను చేతికొచ్చే మొత్తం. ఇది నాకు తెలిసిందే, ఫొటో తీసుకుని తిరిగి ఇవ్వబోయాను.

"వెనక చూడు అమ్మాయ్."

వెనక పెన్సిల్‌తో నాలుగు వరసలున్నాయి. పాత బాకీ. దాని కింద వడ్డీ. దాని కింద 'విత్తనం, మందులు'. చివర అడ్డగీత గీసి, ముందు వైపు వచ్చిన మొత్తంలోంచి తీసేస్తే మిగిలింది పన్నెండు వందల చిల్లర. పెన్సిల్ అక్షరాలు సగం చెరిగిపోయాయి, ఆయన మాత్రం వేలు పెట్టి తడుముకోకుండా చదివి చెప్పాడు.

"పెట్టుబడి కొట్టాయన ఇచ్చాడు. కాయ ఆయన చెప్పిన ఏసీలో పెట్టాల. బాండు ఆయన దగ్గరే ఉంటది. ఎప్పుడమ్మాలో ఆయనే ఫోన్ చేస్తాడు."

"మరి మీ ఎఫ్‌పీఓ ఏసీ కడితే పెడతానన్నారు కదా పెద్దాయనా, పోయినసారి?"

"పెడతా. జూన్లో కౌలు కట్టడానికి లచ్చ రూపాయలు మీ ఎఫ్‌పీఓ ఇస్తదా మరి?"

కొట్టాయన్ని తిట్టాడనుకునేరు. ఒక్క మాట అనలేదు. నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది తోటలు తోటలే ఎండిపోతే, బ్యాంకు మేనేజర్ ఫోన్ ఎత్తలేదట, కొట్టాయన మాత్రం ఇంటికొచ్చి మందుల డబ్బులు ఇచ్చి పోయాడట. దళారి అంటే దోపిడీ అని పరీక్షలో మూడు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. ఆ వడ్డీ ఎక్కువన్నది నిజం, ఆ రోజు ఆ తలుపు తట్టినవాడు ఇంకొకడు లేడన్నదీ నిజమే.

మజ్జిగ ఇచ్చారు. తాగి ఇంకో తొమ్మిది ఇళ్ళు తిరిగాను. ఆరింట్లో బాండు లేదు.

మే 20, మంగళవారం

సీ14 అంత్యక్రియలు. సభ్యులు 612 అయినా మిర్చి వేసేవాళ్ళు 340 మందే. మిగతావాళ్ళు పత్తి, వరి. సగటున మనిషికి రెండున్నర ఎకరాలు, అంటే 850 ఎకరాలు. ఎకరాకు 18 క్వింటాళ్ళ లెక్కన 1,530 టన్నులు. ఒక్క కాయ కూడా బయటికి పోకుండా అందరూ తెచ్చి పెట్టినా 3,000 టన్నుల్లో 51 శాతం.

అందులో సగం కళ్ళంలోంచే అమ్ముడైపోతోంది. కూలీలకు, కౌలుకు, పిల్లల ఫీజులకు డబ్బు అప్పుడే కావాలి కనుక. మిగిలింది 765 టన్నులు. 25.5 శాతం.

ఏసీకి పోయేదాంట్లో మూడింట రెండు వంతులు బాండు ఇంకొకరి చేతిలో ఉన్న సరుకు. అది మన దగ్గరికి రాదు. మిగిలింది 255 టన్నులు.

సీ14: 8.5 శాతం.

తొంభై ఉన్న చోట ఎనిమిదిన్నర. షీటులో ఎర్ర రంగు తప్ప ఇంకోటి కనిపించలేదు. ఏసీ యంత్రాలకు నిండా ఉందా, ఖాళీగా ఉందా అన్న పట్టింపు ఉండదు, కరెంటు మీటరు తిరుగుతూనే ఉంటుంది. ప్రాజెక్టు ఖర్చు నాలుగు కోట్ల పైమాట. వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద 3 శాతం వడ్డీ రాయితీ వచ్చేది రెండు కోట్ల అప్పు దాకానే, అదీ ఏడేళ్ళు. మిగతాదానికి పూర్తి వడ్డీ.

మా టీమ్‌లో సీనియర్ అన్న ఒకాయన వచ్చి చూశాడు. "బయటి రైతులు కూడా పెడతారని ఒక 40 వెయ్యి. రెండో ఏడాది 60, మూడో ఏడాది 80. డీఎస్‌సీఆర్ సగటు మీద చూస్తారు, పాసైపోద్ది" అన్నాడు. చెడ్డవాడేం కాదు. నాకు పివట్ టేబుల్ నేర్పింది, లంచ్ బాక్స్ పంచుకున్నది ఆయనే. క్లయింట్ అడిగింది ఇవ్వడం మన పని కదా అన్నాడు మామూలుగా.

మేడమ్ వచ్చి, "బయటి 40కి బ్యాకప్ ఏది?" అన్నారు. అక్కడితో అయిపోయింది. ఆ మాట మీద నాకున్న కసి అంతా ఆ రోజుతో పోయింది.

మే 27, మంగళవారం

వద్దని చెప్పడం సులువే. వద్దంటే మరేం చెయ్యాలో చెప్పకపోతే ఫీజు ఎలా అడుగుతాం అన్నారు మేడమ్. న్యాయమే.

పాత నోట్సు మొత్తం మళ్ళీ చదివాను. అప్పుడు దొరికింది చెవి దగ్గర ఊపిన కాయ. కళ్ళంలో ఆరబెట్టేటప్పుడు పోయేది ఎంత? రైతులు చెప్పిన దాన్నిబట్టి పోగేస్తే, అకాల వానకు తడిసి, మట్టి అంటి, సరిగా ఆరక తాలుకు పోయేదే వాళ్ళకు పెద్ద దెబ్బ. ఏసీ మీద అందరి కళ్ళూ ఉన్నాయి, కళ్ళం మీద ఎవరి కళ్ళూ లేవు.

ఒక ఎగుమతిదారుతో ఫోన్లో మాట్లాడాను. బూజు వల్ల వచ్చే విషం అఫ్లాటాక్సిన్. ఎండు మిరపలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే యూరప్ వాళ్ళు తీసుకోరు. మన దేశంలో మసాలా దినుసులకు పరిమితి 30. "ఏసీలో పెట్టాక నేను చేయగలిగిందేం లేదమ్మా. బూజు కళ్ళంలోనే పడుద్ది. ఏసీ దాన్ని నిద్రపుచ్చుద్దంతే, తీసెయ్యదు" అన్నాడాయన. పచ్చి కాయ చూసి పెద్దావిడ అన్న మాటే ఇది, ఈయన ల్యాబ్ రిపోర్టులు పెట్టుకుని అంటున్నాడు.

బాండు సంగతికి కూడా దారి ఉంది. వేర్‌హౌసింగ్ చట్టం 2007లో వచ్చింది. గిడ్డంగుల నియంత్రణ సంస్థ డబ్ల్యూడీఆర్ఏలో నమోదైన గిడ్డంగిలో సరుకు పెడితే ఎలక్ట్రానిక్ రసీదు రైతు పేరు మీదే వస్తుంది, దాని మీద బ్యాంకు అప్పిస్తుంది. కిసాన్ క్రెడిట్ కార్డున్న చిన్న, సన్నకారు రైతులకు కోతయ్యాక ఆర్నెల్ల దాకా రాయితీ వడ్డీ. ఈ రసీదు అప్పులకు పూచీగా 2024 డిసెంబరులో కేంద్రం 1,000 కోట్లతో ఒక నిధి కూడా పెట్టింది. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. కానీ పాత బాకీ తీరనిదే రైతు కొట్టు దాటి ఎలా వస్తాడు? దీనికి నా దగ్గర జవాబు లేదు. మొదటి ఏడాది బాకీ లేని ముప్పై, నలభై మందితో మొదలెట్టమని రాశాను. ఇంతకంటే పెద్ద మాట రాస్తే మళ్ళీ సీ14 అవుతుంది.

జూన్ 5, గురువారం

స్లైడ్లు. అలైన్‌మెంట్. ఒక్కో శీర్షిక తొమ్మిదిసార్లు తిరగరాత. ఇంగ్లిష్‌లో చేసింది తెలుగులోకి మార్చమన్నారు, బోర్డు సభ్యులు చదవాలి కదా. 'కెపాసిటీ యుటిలైజేషన్' అన్న చోట 'ఏసీ ఎంత నిండుద్ది' అని పెట్టాను. మేడమ్ ఉంచేశారు.

జూన్ 10, మంగళవారం

ఫైనల్ ప్రెజెంటేషన్, ఎఫ్‌పీఓ ఆఫీసులో. ఎరువుల బస్తాల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద దుప్పటి కట్టి ప్రొజెక్టర్. పది మంది డైరెక్టర్లు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. కరెంటు రెండుసార్లు పోయింది.

లెక్క నేనే చెప్పాను. టిక్కీల్లో చెప్పాను, శాతాల్లో కాదు. 75,000 టిక్కీలు పట్టే ఏసీ, మన సభ్యుల నుంచి నికరంగా వచ్చేవి 6,375. గదిలో చప్పుడు లేదు. ఎవరో వెనక నుంచి "కాకిలెక్క" అన్నారు. ఆ మాటకు నా గొంతు ఆగిపోయింది. అప్పుడు అరుగు పెద్దాయన, ఆయన కూడా డైరెక్టరేనని నాకు ఆ రోజే తెలిసింది, "కాకిలెక్క కాదులే, బాండు నీ ఇంట్లో ఉందా చెప్పు ముందు" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు.

మేం చెప్పిన బదులు ప్రాజెక్టు: ఊరికి రెండు చొప్పున సిమెంటు కళ్ళాలు, మీద పాలిథిన్ కప్పుతో సోలార్ డ్రయ్యర్లు, తాలు ఏరి గ్రేడింగ్ చేసే షెడ్డు ఒకటి, తేమ మీటర్లు. ఏసీ కట్టడం కాదు, ఇప్పుడున్న ఏసీతో ఒప్పందం. మొత్తం అప్పు రెండు కోట్ల లోపే, కనుక అంతా వడ్డీ రాయితీ కిందికే వస్తుంది.

ఛైర్మన్ గారు అంతా విని నిట్టూర్చారు. "బాగానే ఉందమ్మా. కానీ ఏసీ కడితే రోడ్డు మీద పోయేవాడికి కనపడుద్ది. కళ్ళం ఎవడికి కనపడుద్ది?"

ఆయన్ని తప్పు పట్టలేను. ఆరు వందల మంది దగ్గర వాటా సొమ్ము వసూలు చేసిన మనిషి, చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. మేడమ్ కూడా ఏమీ అనలేదు. ఒక డైరెక్టరమ్మ మాత్రం చెయ్యెత్తి, "ఆ తేమ చూసే మీటరు ఎంతవుద్దమ్మా?" అని అడిగింది. కంపెనీల కొటేషన్లు చూపించాను. రెండు కొనడానికి అప్పటికప్పుడు తీర్మానం రాశారు. నాలుగు కోట్ల డీపీఆర్ కోసం మొదలైన ప్రాజెక్టులో ఆ రోజు పాసైంది రెండు మీటర్లు. మిగతాది వచ్చే నెల సర్వసభ్య సమావేశానికి వాయిదా.

జూన్ 13, శుక్రవారం

ఆఖరి రోజు. సర్టిఫికెట్, చాక్లెట్లు, టీమ్ ఫొటో. షేర్ ఆటో డబ్బులు 640 రూపాయలు చివరికి మంజూరయ్యాయి.

మధ్యాహ్నం ఛైర్మన్ గారి ఫోన్. క్షేమ సమాచారాలు అయ్యాక, "అమ్మా, మొదట్లో మా సీఈవోకి ఒక షీటు పంపావంట గదా, 90 శాతం ఉన్నది. అది నాకొకసారి పంపుతావా?" అన్నారు.

నిజమే, ఏప్రిల్లో ఫార్మాట్ చూసుకోమని పంపాను.

"అది మీ ఊరి లెక్క కాదు చైర్మన్ గారూ. ఎక్కడిదో బంగాళాదుంపల షీటు. నమూనా మాత్రమే."

"నమూనా అయితే ఏందమ్మా? బ్యాంకోళ్ళు అడిగేది నమూనానే గదా."

మేడమ్‌ని అడిగి చెబుతానన్నాను. మేడమ్ మీటింగులో ఉన్నారు. ఐదింటికి లాప్‌టాప్ తిరిగిచ్చేయాలి. షీటు తెరిచాను, సీ14లో ఇంకా 90 అనే ఉంది. పక్కన నోటు రాసే గడి ఖాళీగా ఉంటే అందులో 'ఆధారం లేదు, బంగాళాదుంప ప్రాజెక్టు నుంచి తెచ్చిన అంకె' అని ఎర్ర అక్షరాలతో రాసి సేవ్ చేశాను. కాపీ సీఈవో ఫోన్లో ఉంది, దానికి ఈ నోటు ఉండదు. కనీసం ఆఫీసు కాపీకైనా ఉంటుంది.

లాప్‌టాప్ ఇచ్చి మెట్లు దిగుతుంటే సంచిలోంచి ఘాటు వచ్చి తుమ్మాను. అరుగు పెద్దాయన కోడలు పొట్లం కట్టిచ్చిన తేజ కాయలు, అరకిలో. ఒకటి తీసి చెవి దగ్గర ఊపాను. గలగలమంది.